కంప్యూటరు పరీక్షల చిట్టాలో పెద్ద వార్తలు, చిన్న వార్తలు



మన పల్లెలలో ఇప్పుడు ఏ వీథికి పోయినను, తమ కుమారుడో మనుమరాలో హైదరాబాదునందో, బెంగుళూరునందో, కడకు అమెరికా దేశమునందో సాఫ్ట్‌వేరు పనిలో ఉన్నారని చెప్పెడి పెద్దలు కనబడుదురు. ఏమి పని యని అడిగినచో 'టెస్టింగు' అను నొక మాట చెప్పి ఊరకుందురు. ఆ మాటకు పరీక్షించుట యని అర్థము. ఒకరు వ్రాసిన ప్రోగ్రాము చెప్పినట్లు పనిచేయుచున్నదా లేదా యని మఱియొకరు గాని, మఱియొక ప్రోగ్రాము గాని శోధించి చూచుట. ఆ శోధనలోని ఒక చిన్న భాగమును గూర్చి నేడు మీకు మనవి చేయదలచితిని. పరీక్ష జరుగుచుండగా యంత్రము తాను చేసినదెల్ల వ్రాసికొనును. ఆ వ్రాతలో ఏది పెద్ద వార్త, ఏది చిన్న వార్త, దేనికొఱకు మనిషిని నిద్ర లేపవలెను, దేనిని వ్రాసి ఊరకుండవలెను అను తారతమ్య నిర్ణయమే నా ప్రసంగ విషయము. వినుటకు ఇది స్వల్ప విషయముగా తోచును. కాని దీనిని సరిగా నిర్ణయింపని చోట్ల మనుష్యులు మరణించిరి. ఒక పెద్ద వ్యాపార సంస్థ ముప్పావు గంటలో కుప్పకూలెను. ఆ కథలను తరువాత చెప్పెదను.

మొదట మాటను గూర్చి. ఈ వ్రాతను ఇంగ్లీషువారు 'లాగ్' అందురు. లాగ్ అనగా కొయ్యదుంగ. పూర్వము తెరచాప ఓడలలో నావికులు ఓడ వేగమును తెలిసికొనుటకై ఒక చెక్కముక్కను పొడవైన త్రాటికి కట్టి వెనుకవైపున సముద్రములో విడిచెడివారు. త్రాటికి సమదూరములలో ముడులుండెడివి. ఇసుక గడియారములోని ఇసుక జారునంతలో ఎన్ని ముడులు చేతినుండి జారిపోయినవో లెక్కించి, ఆ సంఖ్యను ఒక పుస్తకములో వ్రాసెడివారు. క్రమముగా కొయ్య పేరు పుస్తకమునకు వచ్చినది. ఆ పుస్తకములోనే గాలి దిక్కు, తుపాను, నావికుని జబ్బు, అన్నియు వ్రాయ మొదలిడిరి. నేటికిని ఓడల వేగమును 'నాట్లు' అనియే చెప్పుదురు. అవి ముడులు గాని మన వరినాట్లు గావు సుమీ! దీనికి మనకు తగిన మాట చిట్టా. 1984లో కరణముల పదవులు రద్దగువరకు ఏ ఊరి చావడిలో చూచినను చిట్టా ఉండెడిది గనుక, నేనా మాటనే వాడుదును.

కంప్యూటరు చిట్టాలలో లోకప్రసిద్ధమైన పుట 1947వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీది. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు నిర్మించిన మార్క్ 2 అను గణనయంత్రమును ఆ దినమున పరీక్షించుచుండిరి. పగలు 3 గంటల 25 నిమిషములకు కూడికల భాగమునకు పరీక్ష ప్రారంభించితిమని వ్రాసిరి. 3 గంటల 45 నిమిషములకు ఎఫ్ అను పలకలోని 70వ రిలేలో రెక్కల పురుగొకటి చిక్కినదని వ్రాసి, ఆ పురుగునే పుటకు అంటించిరి. 5 గంటలకు యంత్రమును ఆపితిమని వ్రాసిరి. ఆ పుట స్మిత్‌సోనియన్ సంస్థవారి అమెరికా చరిత్ర ప్రదర్శనశాలకు చేరినది. పురుగు కథను అందఱును చెప్పుదురు. నేను చూపదలచినది వేఱు. పరీక్ష మొదలైన వార్తయు, పురుగు దొరకిన వార్తయు, యంత్రమును ఆపిన వార్తయు ఆ పుటలో ఒకదాని క్రింద నొకటి, ఏ భేదమును లేక నిలిచియున్నవి. ఒక్క పుట గనుక చెల్లినది. అందులోను పురుగును అంటించిరి గనుక చదువరి కన్ను తనంతట తానే అక్కడ వ్రాలును.

నేటి సంగతి అట్లు గాదు. ఒక ప్రోగ్రామునకు వేయి పరీక్షలున్నవనుకొనుడు. పరీక్ష కొక్కంటికి ఇరువది అడుగులు, అడుగునకు ఐదు పంక్తుల వ్రాత. మొత్తము లక్ష పంక్తులు. ఈ పరీక్షలను ఒక్కసారి కాదు, ప్రతి రాత్రియు నడపుదురు. ఉదయమున వచ్చిన ఉద్యోగి లక్ష పంక్తులు చదువుట కల్ల. కావున ప్రతి పంక్తికిని దాని తీవ్రతను తెలుపు గుర్తొకటి ముందుగా తగిలించి పెట్టవలెను. ఈ గుర్తునే తీవ్రతామట్టము అందుము. ఇంగ్లీషున 'లెవెల్' అని వాడుక.

మాట గాలిలో పోకుండ ఒక నిజమైన పనిముట్టును తీసికొందము. రోబోట్ ఫ్రేమ్‌వర్క్ అనునది అట్టి పరీక్షలను నడపు సాధనము. ఫిన్లాండు దేశమున పెక్కా క్లార్క్ అను నాతడు 2005లో తన పట్టపరీక్షకై వ్రాసిన గ్రంథమున దీని మూలభావములు రూపొందినవి. ఆ యేడే నోకియా నెట్‌వర్క్స్ సంస్థలో మొదటి ప్రతి తయారైనది. 2008 జూన్ మాసములో ఎవరైనను ఉచితముగా తీసికొని వాడుకొనునట్లు లోకమునకు విడిచిరి. దీని గుణమేమనగా పరీక్షను ఇంచుమించు మామూలు వాక్యములవలె వ్రాయవచ్చును: ఖాతా తెరువుము, డబ్బు పంపుము, మిగులును సరిచూడుము, అని.

ఒక చిన్న పరీక్షను ఊహింపుడు. ఖాతాలో 5000 రూపాయలున్నవి. అందుండి 2000 వేఱొకరికి పంపినచో 3000 మిగులవలెను. పరీక్ష ఇంతే. ఇది నడచునప్పుడు చిట్టాలో పడు వార్తలు ఆరు తరగతులవి.

అన్నింటికంటె అడుగున ఉండునది 'ట్రేస్'. అడుగుజాడ అని అర్థము. 'పంపుము' అను పనికి 2000 అను సంఖ్య నిచ్చితిని, దానినుండి ఈ జవాబు తిరిగి వచ్చినది అని ప్రతి పనికిని ఇచ్చిన దానిని, పుచ్చుకొనిన దానిని యంత్రము తనంతట తానే వ్రాయును. అడుగడుగునకు వ్రాత గనుక చిట్టా మిక్కిలి పెరుగును.

దానికి పైది 'డీబగ్'. పైన చెప్పిన పురుగు మాటయే ఇందున్నది. పురుగును ఏరివేయుటకు పనికివచ్చు వార్త యని అర్థము. లోపలి యంత్రాంగము ఏ దారిని పోయినదో ఇచట పడును. ఎక్కడనైన తప్పు దొరలినప్పుడు, ప్రోగ్రాములో ఏ పంక్తియందు పట్టు తప్పినదో, ఆ పంక్తికి ఎవరు పంపగా వచ్చినదో, ఆ వంశవృక్షమంతయు ఈ తరగతిలోనే వ్రాయబడును.

మూడవది 'ఇన్‌ఫో', మామూలు సమాచారము. ఖాతా తెరువబడినది, 2000 పంపబడినది, మిగులు 3000. సంగతి తెలియగోరు ఎవ్వరైనను చదివి గ్రహింపదగిన వార్తలు ఇవి.

నాలుగవది 'వార్న్', హెచ్చరిక. డబ్బు సరిగానే పోయినది, మిగులును సరిగానే ఉన్నది. కాని మూడు సెకనులలో రావలసిన జవాబు తొమ్మిది సెకనులకు వచ్చినది. ఇది తప్పు గాదు, కాని మంచి శకునమును గాదు. ఇట్టి వార్త చిట్టాలో పడుటయే గాక, పరీక్ష నడుపువాని తెరమీదను వెంటనే కనబడును. చిట్టా తలభాగమునను వేఱుగా ఒక పట్టికలో చేరును.

ఐదవది 'ఎర్రర్', పొరపాటు. పరీక్షకు కావలసిన సహాయక సామగ్రి యొకటి దొరకలేదు, లేక అమరికలో తప్పున్నది అను వంటివి ఈ తరగతిలో వచ్చును. ఇదియు తెరమీద కనబడును. ఇక్కడ మీరొక సూక్ష్మమును గమనింపవలెను. వార్న్ గాని ఎర్రర్ గాని చిట్టాలో ఎన్ని పడినను వానివలన మాత్రమే పరీక్ష తప్పినట్లు గాదు. వార్త తీవ్రత వేఱు, పరీక్ష ఫలితము వేఱు. ఈ భేదము తెలియక క్రొత్తవారు చిక్కులు పడుదురు.

ఫలితమును చెప్పునది ఆరవదగు 'ఫెయిల్'. మిగులు 3000 ఉండవలసినది 2999 ఉన్నదనుకొనుడు. అప్పుడు పరీక్ష తప్పినది. ఈ గుర్తును వ్రాయు అధికారము ఆ సాధనమునకే గాని పరీక్షను వ్రాసినవానికి లేదు. ఎవనికి వాడు తన యిష్టము వచ్చినట్లు ఫెయిల్ అను ముద్ర వేయుటకు వీలులేకుండ చేసిరి. ఇది మంచి కట్టుబాటని నా యభిప్రాయము. తీర్పు చెప్పెడి చేయి ఒక్కటిగా ఉన్నప్పుడే ఆ తీర్పునకు గౌరవము.

ఇక జల్లెడ సంగతి. పరీక్ష ప్రారంభించునప్పుడు 'ఈ మట్టమునుండి పైవానిని మాత్రమే వ్రాయుము' అని ఒక గీత గీయవచ్చును. ఏమియు చెప్పకున్నచో గీత ఇన్‌ఫో వద్ద ఉండును. ట్రేసును డీబగ్గును చిట్టాకు ఎక్కవు. గీతకు క్రిందివి దాచిపెట్టబడుననుకొనరాదు. అవి అసలు వ్రాయనే బడవు. రాత్రి మూడు గంటలకు ఒక్కసారి మాత్రమే తలయెత్తి మాయమైన తప్పును మఱునాడు వెదకబోయినచో, ఆధారము చిట్టాలో ఉండదు. గీతను క్రిందికి దింపి మరల నడిపినను ఆ తప్పు మరల దర్శన మిచ్చునను నమ్మకము లేదు. అట్లని ఎల్లప్పుడును ట్రేసు వద్దనే గీత ఉంచినచో చిట్టా గడ్డివామి యగును. దీనికి మధ్యమార్గముగ రోబోటువారు ఒక యుక్తి పన్నిరి. డీబగ్ వఱకు వ్రాయుము, చూపునప్పుడు మాత్రము ఇన్‌ఫో నుండి చూపుము అని ఒకే ఆజ్ఞలో చెప్పవచ్చును. కావలసినవాడు చిట్టాను తెరచి, గీతను తన చేతితో దింపుకొని చదువుకొనును. గాదెలో గింజలన్నియు ఉన్నవి. వంటకు కావలసినంత మాత్రము చేటలోనికి వచ్చును.

పైటెస్ట్ అను మఱియొక సాధనమువారి మర్యాద ఇంకను చమత్కారముగ నుండును. పరీక్ష నెగ్గినచో దాని చిట్టాను ఎవరికిని చూపరు. తప్పినచో మాత్రము ఆ పరీక్షకు సంబంధించిన వార్తలను పోగుచేసి ఫలితము ప్రక్కనే పరతురు.

ఈ తరగతులు పరీక్షలకొఱకే పుట్టినవి గావు. 1980 తరువాతి దశకములో ఎరిక్ ఆల్‌మన్ అను అమెరికా దేశస్థుడు, ఈమెయిలు ఉత్తరములను చేరవేయు సెండ్‌మెయిల్ అను ప్రోగ్రామునకు తోడుగా 'సిస్‌లాగ్' అను చిట్టా పద్ధతిని ఏర్పరచెను. అందు ఎనిమిది మెట్లు. సున్న అనగా మహావిపత్తు, యంత్రమే పనికిరాని స్థితి. ఏడు అనగా డీబగ్. సంఖ్య తగ్గినకొలది తీవ్రత హెచ్చును. 2003లో పైథాన్ అను భాషలో చిట్టా వ్రాయు భాగమును చేర్చినవారు దీనిని తలక్రిందులు చేసిరి. అందు డీబగ్ 10, ఇన్‌ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. ఇచట సంఖ్య పెరిగినకొలది తీవ్రత పెరుగును. పదేసి ఎడము ఎందుకనగా, ఎవరికైన నడుమ క్రొత్త మెట్టు కావలసినచో నాటుకొనుటకు చోటు విడిచిరి. రెండు పద్ధతులను ఒకే చోట వాడువారు సంఖ్యను చూచి భ్రమపడుదురు గనుక, పేరుతోనే వ్యవహరించుట మేలు.

సముద్రతీరమున ఉన్న శ్రోతలకు ఈ చిక్కు క్రొత్త గాదు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము రేవులలో తుపాను సమయమున ఎగురవేయు ప్రమాద సూచికలు 1 మొదలు 11 వఱకు ఉన్నవి గదా. మూడవ నంబరు ఎత్తిరనగానే బెస్తవారు వలలు సర్దుకొందురు. పదవ నంబరనగా ఊరు ఖాళీ చేయవలసినదే యని ఎఱుగుదురు. అయినను ఐదు, ఆరు, ఏడు అను మూడింటికిని తీవ్రతలో తేడా లేదు. తుపాను రేవునకు ఏ ప్రక్కగా దాటునో తెలుపుటకే ఆ మూడు సంఖ్యలును. పదునొకండవది అన్నిటికిని భిన్నము. దానిని గూర్చి కడపట చెప్పెదను.

మఱియొక సాధనమును కూడ క్లుప్తముగా చెప్పవలెను. సి ప్లస్ ప్లస్ అను భాషవారికి బూస్ట్ టెస్ట్ అనునది కలదు. అందు వార్తకు గాక, పరీక్షలోని ప్రతి ప్రశ్నకే తీవ్రతను నిర్ణయించిరి. ఒకే ప్రశ్నను మూడు విధముల అడుగవచ్చును. 'వార్న్' అని అడిగినచో, జవాబు తప్పైనను హెచ్చరించి సాగిపోవును, తప్పుగా లెక్కింపదు. 'చెక్' అని అడిగినచో తప్పును లెక్కకు వేసికొని మిగిలిన ప్రశ్నలు అడుగును. 'రిక్వైర్' అని అడిగినచో జవాబు తప్పగానే ఆ పరీక్షను అక్కడనే నిలిపివేయును. ఖాతాయే తెరువబడనప్పుడు మిగులెంత యని అడుగుట వ్యర్థము గదా. అట్టి చోట్ల మూడవది తగును.

ఇప్పుడు నేను మొదట చెప్పిన కథలకు వచ్చెదను. ఇవి పరీక్షాశాలలో గాక లోకములో జరిగినవి. కాని వార్తకు తీవ్రతను తప్పుగా కట్టుట అను దోషము రెండింటను ఒక్కటియే.

కెనడా దేశమున అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా అను ప్రభుత్వ సంస్థవారు థెరాక్ 25 అను వైద్యయంత్రమును తయారుచేసిరి. క్యాన్సరు రోగులకు కిరణములతో చికిత్స చేయు యంత్రమిది; దానిని నడుపునది ప్రోగ్రాము. 1985 జూన్ మొదలు 1987 జనవరి వఱకు అమెరికా, కెనడా దేశములలో ఆరుగురు రోగులకు ఈ యంత్రము మితిమీరిన కిరణములను ప్రయోగించెను. వారిలో కొందఱు మరణించిరి.

యంత్రములో ఏదైన తేడా కనబడినప్పుడు ఆగుటకు రెండు విధములుండెను. ఒకటి చికిత్సను పూర్తిగా నిలిపివేయుట. అప్పుడు యంత్రమును మొదటినుండి సిద్ధపఱచవలెను. రెండవది విరామము, అప్పుడు పి అను ఒక్క మీట నొక్కినచో చికిత్స సాగిపోవును. ఇట్లు ఐదుసార్లు వఱకు నొక్కవచ్చును. అనగా ఈ యంత్రమునకును తీవ్రతామట్టములుండెను, అవి రెండే. ఏ తేడా ఏ మట్టమునకు చెందవలెనను నిర్ణయములోనే గుట్టున్నది.

1986 మార్చి 21వ తేదీన టెక్సాస్ రాష్ట్రమందలి టైలర్ పట్టణములో, యంత్రమును నడుపుచున్న ఉద్యోగిని చికిత్సావిధమును తెలుపు అక్షరమును పొరపాటున ఒకటికి మాఱుగా మఱియొకటి కొట్టి, చూచి, చురుకుగా దిద్దుకొనెను. ఆమె దిద్దిన వేగమును ప్రోగ్రాము అందుకొనలేక పోయినది. కిరణము విడువబడెను. తెరమీద 'మాల్‌ఫంక్షన్ 54' అని పడి, యంత్రము విరామములో ఆగెను. మాల్‌ఫంక్షన్ అనగా పనిలో తేడా. 54 అనగా ఏమో చెప్పువారు లేరు. యంత్రముతో వచ్చిన కాగితములలో దానికి 'డోస్ ఇన్‌పుట్ 2' అను మాటలు తప్ప వివరణ లేదు. పైగా తెర మీద, ఇవ్వవలసిన 202 పాళ్లలో ఆరు మాత్రమే ఇచ్చినట్లు కనబడినది. ఆమె అలవాటు చొప్పున పి మీటను నొక్కెను. లోపలి రోగికి మొదటి దెబ్బకే నిప్పు తగిలినట్లయి లేవబోవుచుండగా రెండవ దెబ్బ తగిలెను. గదిలోని దృశ్యమును చూపు యంత్రమునకు ఆనాడు తీగ తగిలింపలేదు. మాటను వినిపించునది చెడియుండెను. ఐదు మాసముల పిమ్మట ఆ రోగి మరణించెను. ఏప్రిల్ 11వ తేదీన అదే ఆసుపత్రిలో, అదే సంఖ్య మరల పడెను. ఆ రెండవ రోగి మూడు వారములకే చనిపోయెను.

54 అనగా కిరణము మిక్కిలి హెచ్చుగా గాని మిక్కిలి తక్కువగా గాని పోయినదని అర్థమట! యంత్రము తెలుపగల వార్తలలో దీనికి మించిన భయంకర వార్త ఉండునా? అట్టిదానిని ఒక మీట నొక్కి దాటిపోవు మెట్టులో పెట్టిరి. ఆ ఉద్యోగినిని నేను తప్పుపట్టను. ఆ యంత్రములు దినమునకు పలుమార్లు ఇట్లే ఆగుచుండెను. మఱియొక ఆసుపత్రిలోని ఉద్యోగి చెప్పినదాని ప్రకారము కొన్ని దినములలో అట్టి వార్తలు నలుబది వఱకు వచ్చెడివి. అన్నియు కిరణము తక్కువైనదను నిరపాయమైనవే. ముప్పదితొమ్మిది మార్లు ఏమియు కానిదానికి నలుబదియవ మారు భయపడుమనుట న్యాయమా? మూలలోపము ప్రోగ్రాములో వేఱుగా ఉన్నది, నిజమే. వెనుకటి యంత్రములలో ఉండిన ఇనుప కట్టుబాట్లను దీనిలో తీసివేసిరి, అదియు నిజమే. కాని మొదటి దెబ్బ తగిలిన పిమ్మట రెండవదానిని ఆపగలిగినది ఆ వార్త యొక్కటే.

రెండవ కథ ధనమునకు సంబంధించినది. న్యూయార్కు వాటాల బజారులో నైట్ క్యాపిటల్ అను సంస్థ యుండెను. 2012 ఆగస్టు 1వ తేదీకి ముందు వారు తమ ఎనిమిది యంత్రములలో క్రొత్త ప్రోగ్రామును పెట్టబూని, ఏడింటిలో పెట్టి ఎనిమిదవదానిని మఱచిరి. దానిలో ఎన్నియో ఏండ్లక్రింద వాడుక మానిన 'పవర్ పెగ్' అను భాగము మిగిలియుండెను. ఆనాడు ఉదయము 8 గంటలు దాటినప్పటినుండి 9 గంటల 30 నిమిషములకు బజారు తెరచు లోపల, ఆ యంత్రములు తమంతట తామే సంస్థ ఉద్యోగులకు 97 ఈమెయిలు లేఖలు పంపినవి. ప్రతి లేఖలోను పవర్ పెగ్ అను పేరుండెను. ఒక్కరైనను చలింపలేదు. ఏల యన, ఆ లేఖలను ప్రమాద సూచికలుగా ఉద్దేశించి ఏర్పరచలేదు. వచ్చినను ఎవరును సాధారణముగా చూచెడివారు కారు. బజారు తెరచిన 45 నిమిషములలో ఎనిమిదవ యంత్రము లెక్కకు మిక్కిలి బేరములు చేసి, 46 కోట్ల డాలర్లకు మించిన నష్టమును తెచ్చినది. మఱుసటి యేట ఆ సంస్థ మఱియొక సంస్థలో కలిసిపోయెను. వార్త రాలేదనుటకు వీలులేదు; గంటన్నర ముందుగా, తొంబదియేడు మార్లు వచ్చినది. అది వచ్చిన మెట్టు సరియైనది కాదు.

అతిగా వ్రాయుటవలనను కీడు కలదు. ట్రేసు మట్టమున ఇచ్చినదెల్ల చిట్టాకెక్కునంటిని గదా. ఇచ్చినది రహస్య సంకేతపదమైనచో అదియు ఎక్కును! 2018 మే నెలలో ట్విట్టరు సంస్థవారు తమ లోపలి చిట్టా యొకదానిలో సంకేతపదములు మఱుగు లేక వ్రాయబడుచుండెనని కనుగొని, ముప్పదిమూడు కోట్ల మంది వాడుకదారులను తమ సంకేతపదములు మార్చుకొనుడని కోరిరి. అందుచేత జాగ్రత్తపరులు పరీక్షలో సంకేతపదము వచ్చు అడుగున చిట్టాను క్షణకాలము మూసి, పిదప తెరతురు.

నేనును కొన్నియేండ్లు ఇట్టి చిట్టాలను చదువు పనిలోనుంటిని. ఒక చోట, పేరు చెప్పను, ప్రోగ్రాము వ్రాయు ప్రతివాడును తన వార్త నలుగురి కంటబడవలెనని దానిని హెచ్చరిక తరగతిలో వ్రాసెడివాడు. ఇన్‌ఫో అని వ్రాసినచో ఎవరు చూతురని వారి వాదము. ప్రతి ఉదయమును వందలకొలది పసుపు పంక్తులు. క్రొత్తగా చేరినవానికి మొదటి దినముననే, పసుపు పంక్తులను చూడనక్కరలేదని పెద్దలు బోధించెడివారు. ఆ పంక్తులలోనే ఒకటి, వ్రాయుటకు యంత్రములో చోటు తఱుగుచున్నదని పదునొకండు రాత్రులు మొఱపెట్టినది. పండ్రెండవ రాత్రి చోటు నిండిపోయి పరీక్షలన్నియు నిలిచిపోయినవి. రెండు దినముల పని మూలబడినది.

తరువాత అచట ఒక నియమము చేసిరి. ఏ హెచ్చరికయైనను రెండు వారములు చిట్టాలో కనబడినచో, దానికి కారణమును తొలగింపవలెను, లేదా దానిని ఇన్‌ఫోకు దింపవలెను. మూడవ మార్గము లేదు. మొదటి మాసములో మిక్కిలి రగడ జరిగినది. తన వార్తను దింపుట తన మర్యాదను దింపుటగా భావించినవారుండిరి. ఆరు మాసములకు ఉదయపు పట్టికలో నాలుగైదు పసుపు పంక్తులు మాత్రమే మిగిలినవి. వానిని మాత్రము అందఱును చదివెడివారు.

మీ ఇంటి పిల్లలు ఈ పనిలోనున్నచో ఒక ప్రశ్న అడిగి చూడుడు: హెచ్చరిక యని వ్రాసితివి గదా, దీనిని చదివినవాడు ఏమి చేయవలెను? జవాబున్నచో అది హెచ్చరికయే. ఏమియు చేయనక్కరలేదన్నచో అది సమాచారము. ఇప్పుడే చేయవలెను, రేపటికి పనికిరాదన్నచో అది హెచ్చరికకు పైమెట్టు. మట్టములను గూర్చి పుస్తకములలో పొడవైన నిర్వచనములున్నవి గాని, నాకు ఈ ఒక్క ప్రశ్నయే ఎక్కువగా ఉపకరించినది.

ఇక పదునొకండవ సూచిక. దాని అర్థము తుపాను బలమును గూర్చినది గాదు. తుపాను హెచ్చరికల కార్యాలయముతో రేవునకు సంబంధము తెగిపోయినది, ఇక వార్త రాదు, అని. పరీక్షలలోను ఇట్టి స్థితి కలదు. విద్యుత్తు పోయినను, యంత్రము మధ్యలో చచ్చినను చిట్టా సగములో తెగును. రోబోట్ ఫ్రేమ్‌వర్కులో చిట్టాను పూర్తిగా మూసివేయు మెట్టు కూడ ఉన్నది. దాని పేరు 'నన్', ఏమియు వద్దని. అందుచేత చిట్టాతో ప్రమేయము లేకుండ, ముగియునప్పుడు ఒక్క సంఖ్యను తిరిగి ఇచ్చు ఏర్పాటును చేసిరి. సున్న అనగా అన్ని పరీక్షలును నెగ్గినవి. 1 మొదలు 249 వఱకు అనగా అన్ని పరీక్షలు తప్పినవి. 250 అనగా 250 గాని అంతకు మించి గాని తప్పినవి. అటుపై లెక్కించు ప్రయాస పడదు. 252 అనగా ఇచ్చిన ఆజ్ఞయే తప్పు, 253 అనగా నడుమ ఎవరో ఆపిరి, 255 అనగా సాధనమునకే ఏదో ఆపద. రాత్రి కావలి కాయు ప్రోగ్రాము మొదట చూచునది ఈ సంఖ్యనే. అది సున్న యైనచో ఎవరిని లేపదు. 255 అయినచో, చిట్టాలో ఒక్క పంక్తి లేకున్నను, ఆ రాత్రి వంతు ఎవరిదో వారి ఫోను మ్రోగును.